ఫ్రిస్కో టౌన్‌హోమ్: హెచ్‌వోఏ 300 డాలర్లు అనగానే లోన్ ఎందుకు తగ్గింది?

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో టౌన్‌హోమ్ కొంటుంటే, హెచ్‌వోఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఫీజు నెలకు 300 డాలర్లని తెలియగానే లెండర్ (లోన్ ఇచ్చే సంస్థ) ఇస్తానన్న లోన్‌ను 60 వేల డాలర్లు తగ్గించారని, ఎందుకని అడిగారు. కారణం దాదాపుగా ఆ 300 డాలర్లే. లెండర్ హెచ్‌వోఏ ఫీజును కూడా మీ నెలవారీ అప్పు కిందే లెక్కేస్తారు. 7 శాతం వడ్డీ, 30 ఏళ్ల లోన్ అనుకుంటే, నెలకు 300 అంటే సుమారు 45 వేల డాలర్ల లోన్ తగ్గినట్టే. మీకు తగ్గింది 60 వేలు కదా, మిగతా తేడా లెండర్ నెలవారీ ఖర్చులో లెక్కేసిన ఇంటి ఇన్సూరెన్స్‌లో ఉండొచ్చు.

చాలామంది వదిలేసేది ఇక్కడే. రూఫ్, బయటి గోడల ఇన్సూరెన్స్ ఎవరిదో చూడరు. అది హెచ్‌వోఏ మాస్టర్ పాలసీలో (సంఘం అన్ని ఇళ్లకూ కలిపి తీసుకునే ఇన్సూరెన్స్) ఉంటే, మీకు ఇంటి లోపలి భాగానికి మాత్రమే ఉండే హెచ్‌వో-6 పాలసీ చాలు. లెండర్ మాత్రం విడి ఇంటికి వేసినట్టు పూర్తి ప్రీమియం వేసి ఉండొచ్చు. టెక్సస్‌లో వడగళ్ల వల్ల ఆ తేడా చిన్నదేం కాదు. నేను ఇది చూసుకోక ఏడాదంతా రూఫ్ ఇన్సూరెన్స్ రెండుసార్లు కట్టాను, అందుకే ఇంతగా చెబుతున్నా.

1. సెల్లర్ ఏజెంట్‌ను డిక్లరేషన్ (హెచ్‌వోఏ నియమాల పత్రం), మాస్టర్ పాలసీ కాపీ అడగండి. "రూఫ్ మేమే చూసుకుంటాం" అంటే రిపేర్ మాత్రమే కావచ్చు. ఇన్సూరెన్స్ అని రాసి ఉందో లేదో చదవండి.
2. ఆ పేజీలు మీ ఇన్సూరెన్స్ ఏజెంట్‌కు పంపి, కొత్త కోట్ తీసుకోండి.
3. ఆ కోట్‌తో లెండర్‌ను మళ్లీ లెక్కేయమనండి.
4. రీసేల్ సర్టిఫికెట్‌లో (అమ్మకం సమయంలో హెచ్‌వోఏ ఇచ్చే వివరాల పత్రం) రిజర్వ్ ఫండ్ (పెద్ద రిపేర్ల కోసం దాచిన డబ్బు), స్పెషల్ అసెస్‌మెంట్ (ఫీజు కాక అదనంగా వేసే వసూలు), హెచ్‌వోఏ మీద కోర్టు కేసులు చూడండి.

ఇవన్నీ ఆప్షన్ పీరియడ్ (ఏ కారణం చెప్పకుండానే కొనుగోలు రద్దు చేసుకోగల గడువు) ముగిసేలోపే.