టెక్ సందేహాలు: పాత టీఐ-84 ప్లస్ ఉండగా కొత్త గ్రాఫింగ్ కాలిక్యులేటర్ అవసరమా?

ప్రశ్న: నేను రాయగడలో డిగ్రీ విద్యార్థులకు గణితం బోధిస్తాను. నా దగ్గరున్న టీఐ-84 ప్లస్ పాతదైనా బాగానే పనిచేస్తోంది. మా బావమరిది అమెరికా నుంచి వస్తూ టీఐ-84 ప్లస్ సీఈ పైథాన్ తెస్తానంటున్నాడు. గణితం పరంగా రెండింటికీ తేడా ఏమిటి? నేను రాసుకున్న ప్రోగ్రాములు కొత్తదానిలో నడుస్తాయా?

జవాబు: గణితం పరంగా తేడా చాలా తక్కువ. చూపించే తీరులో మాత్రం తేడా ఎక్కువ. మీరు పాఠం చెప్పేవారు కనుక మీకు ఆ రెండో విషయమే ముఖ్యం.

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ టీఐ-84 ప్లస్‌ను 2004లో, రంగుల తెర గల సీఈని 2015లో విడుదల చేసింది. పైథాన్ భాష చేర్చిన రకం అమెరికాలో 2021లో వచ్చింది. పాతదానిలో 15 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే జెడ్80 ప్రాసెసర్ ఉంటే, కొత్తదానిలో అదే కుటుంబానికి చెందిన ఈజెడ్80 ప్రాసెసర్ 48 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. మనం వాడుకోగల ర్యామ్ 24 కిలోబైట్ల నుంచి 154 కిలోబైట్లకు, ప్రోగ్రాములను భద్రపరిచే ఆర్కైవ్ 480 కిలోబైట్ల నుంచి 3 మెగాబైట్లకు పెరిగాయి. మొబైల్ ఫోన్ల లెక్కలతో చూస్తే ఇవి చాలా చిన్న అంకెలే అయినా, చేతితో రాసుకునే ప్రోగ్రాములకు 3 మెగాబైట్లు నిండడం కష్టం.

ఇక లెక్క చేసే విధానానికి వస్తే, రెండూ ఒక సంఖ్యలో 14 అంకెల వరకు లోపల ఉంచుకొని తెరపై 10 అంకెలు చూపుతాయి. బీజగణిత రూపంలో అవకలనం గానీ సమాకలనం గానీ చేసే శక్తి రెండింటికీ లేదు. సంఖ్యా రూపంలోనే జవాబు ఇస్తాయి. పాతదాని పొరపాట్లు కొత్తదానిలో కూడా అలాగే ఉన్నాయి. ఎక్స్ పరమ మూల్యానికి సున్నా వద్ద అవకలజం లేదని మీరు తరగతిలో చెప్పే ఉంటారు. అదే ప్రశ్నను ఎన్‌డెరివ్ ఆదేశంతో అడిగితే పాతదీ కొత్తదీ కూడా సున్నా అని జవాబిస్తాయి. బిందువుకు ఇటు 0.001, అటు 0.001 దూరంలోని విలువలను తీసుకొని వాటి భేదాన్ని 0.002తో భాగించే పద్ధతి కావడమే దీనికి కారణం. రెండు వైపులా విలువలు సమానం కనుక భేదం సున్నా అవుతుంది. కొత్త యంత్రం కొన్నంత మాత్రాన ఈ పొరపాటు తొలగదని విద్యార్థులకు చూపిస్తే వారికి అవకలజం నిర్వచనం మరింత బాగా నిలుస్తుందని నా అభిప్రాయం.

తెర విషయంలో మాత్రం కొత్తదాని మేలు స్పష్టంగా కనిపిస్తుంది. పాత తెర 96 అడ్డు, 64 నిలువు చుక్కల నలుపు తెలుపు తెర. సీఈ తెర 320 అడ్డు, 240 నిలువు చుక్కల రంగుల తెర. అందులో గ్రాఫ్ గీసే భాగం 265 అడ్డు, 165 నిలువు చుక్కలు; పాతదానిలో ఆ భాగం 95 అడ్డు, 63 నిలువు చుక్కలు. హారంలో ఎక్స్ మైనస్ 3 ఉండే ప్రమేయాన్ని పాతదానిలో ప్రామాణిక విండోలో (తెరపై చూపే మామూలు అక్షాల పరిధిలో) గీస్తే, 3 వద్ద కింది కొసను పై కొసతో కలుపుతూ ఒక నిలువు గీత పడుతుంది. విద్యార్థులు దానినే అనంత స్పర్శరేఖ, అంటే వక్రం అంతకంతకూ దగ్గరయ్యే గీత, అనుకుంటారు. నిజానికి అది పక్కపక్కనున్న రెండు చుక్కలను యంత్రం గుడ్డిగా కలిపిన గీత. సీఈలో ఫార్మాట్ మెనూలో అనంత స్పర్శరేఖలను గుర్తించే ఎంపిక ఉంది. దానిని ఆన్‌లో ఉంచితే ఆ తప్పుడు గీత పడదు.

అంతకన్నా మంచి ఉదాహరణ మరొకటి చెబుతాను. పాతదానిలో డిగ్రీల మోడ్ పెట్టి, జూమ్ మెనూలోని జెడ్‌ట్రిగ్ నొక్కండి. అడ్డు అక్షం మైనస్ 352.5 నుంచి ప్లస్ 352.5 వరకు వస్తుంది, ఒక చుక్కకూ తర్వాతి చుక్కకూ మధ్య సరిగ్గా 7.5 డిగ్రీల దూరం ఉంటుంది. ఇప్పుడు సైన్ 48 ఎక్స్ గీయమంటే తెరపై అక్షం మీదుగా ఒక చదునైన గీత తప్ప మరేమీ రాదు, ఎందుకంటే 48ని 7.5తో గుణిస్తే 360, అంటే ప్రతి చుక్క వద్దా విలువ సున్నాయే. సైన్ 49 ఎక్స్ గీస్తే అచ్చం సైన్ ఎక్స్ తరంగమే కనిపిస్తుంది. అదే విండోను సీఈలో పెడితే చుక్కల మధ్య దూరం సుమారు 2.67 డిగ్రీలే కనుక సైన్ 49 ఎక్స్ ఇలా మోసం చేయదు. తెరంతా దట్టమైన గీతలతో నిండిపోతుంది. అయితే సీఈలో సైన్ 135 ఎక్స్ ఇచ్చి చూడండి, ఎడమ కింది నుంచి కుడి పైకి నెమ్మదిగా సాగే ఒకే ఒక వంపు వస్తుంది. చుక్కలు పెరిగితే మోసం మరో పౌనఃపున్యానికి జరుగుతుందే కాని అంతరించదు. రెండు యంత్రాలూ మీ చేతిలో ఉంటే, ఈ పాఠాన్ని పక్కపక్కన పెట్టి చెప్పగలిగే అవకాశం మీకు దొరుకుతుంది. పాతదానిని అమ్మవద్దని నేను చెప్పడానికి ఇదొక్కటే చాలు.

రంగుల గురించి ఒక్క మాట. గ్రాఫులను కంప్యూటర్‌లోకి తీసుకొని, ప్రింటు చేసి, జిరాక్స్ తీయించి పంచే అలవాటు మీకు ఉంటే ఎరుపు, నీలం గీతలు రెండూ ఒకే బూడిద రంగులో వస్తాయి. అందువల్ల సీఈలో రంగులతో పాటు గీత శైలిని కూడా మార్చండి. లావు గీత, సన్న గీత, చుక్కల గీత వేరువేరుగా ఎంచుకునే వీలుంది.

మీ ప్రోగ్రాములు కాలిక్యులేటర్‌లోనే ఉండే టీఐ బేసిక్ భాషలో రాసినవైతే చాలావరకు యథాతథంగా నడుస్తాయి. టీఐ కనెక్ట్ సీఈ సాఫ్ట్‌వేర్ రెండు కాలిక్యులేటర్లనూ గుర్తిస్తుంది కనుక పాతదాని నుంచి కంప్యూటర్‌లోకి, అక్కడి నుంచి కొత్తదానిలోకి పంపుకోవచ్చు. అక్షరాలను ఫలానా వరుసలో, ఫలానా చుక్క వద్ద చూపమని రాసిన ఆదేశాలను మాత్రం సరిచేసుకోవాలి. పాత హోమ్ స్క్రీన్‌లో 8 వరుసలు, వరుసకు 16 అక్షరాలు. కొత్తదానిలో 10 వరుసలు, వరుసకు 26 అక్షరాలు. చుక్కల లెక్కతో గీసిన బొమ్మలు కొత్త తెరలో ఎడమ పైమూలకు ఒదిగిపోతాయి. విండో విలువలతో గీసిన గీతలకు ఈ ఇబ్బంది ఉండదు. నేరుగా ప్రాసెసర్ ఆదేశాలతో, అంటే జెడ్80 అసెంబ్లీలో, రాసిన ప్రోగ్రాములు, పాతదాని యాప్‌లు సీఈలో నడవవు.

పైథాన్ గురించి పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. దానికి యంత్రంలో వేరే ప్రాసెసర్ ఉంది, చిన్న లూపులు, సాధారణ ప్రమేయాలు హాయిగా నడుస్తాయి. కానీ నంపై వంటి పెద్ద లైబ్రరీలు ఉండవు, కాలిక్యులేటర్ కీలపై కోడ్ టైపు చేయడం విసుగు పుట్టిస్తుంది. పైథాన్ నేర్పాలంటే కాలేజీ ల్యాబ్‌లోని సాధారణ కంప్యూటరే మేలు.

చివరిగా విద్యుత్తు సంగతి. పాతది నాలుగు ట్రిపుల్ ఏ బ్యాటరీలతో నడుస్తుంది. రాయగడలోనే కాదు, కాశీపూర్ దారిలోని చిన్న కిరాణా కొట్లో కూడా అవి దొరకవచ్చు. సీఈలో రీచార్జబుల్ లిథియం అయాన్ బ్యాటరీ ఉంది. దానికి కావలసింది మీ ఫోన్ టైప్-సి కేబుల్ కాదు, పాత డిజిటల్ కెమెరాలతో వచ్చిన మినీ యూఎస్‌బీ కేబుల్. కాలిక్యులేటర్‌తో పాటు ఆ కేబుల్‌ను, వీలైతే ఒక అదనపు కేబుల్‌ను కూడా తెమ్మని మీ బావమరిదికి ఇప్పుడే చెప్పండి. ఇక్కడ పోతే వెతుక్కోవడం కష్టం. ముఖ్యమైన ప్రోగ్రాములను ర్యామ్‌లో వదిలేయకుండా ఆర్కైవ్‌లో భద్రపరచండి, అప్పుడు చార్జి పూర్తిగా దిగిపోయినా పోవు.

మీరే స్వయంగా డబ్బు పెట్టి కొనే పరిస్థితి అయితే, పాతది పనిచేస్తున్నంత కాలం ఆగమనే చెప్పేవాడిని. కానుకగా వస్తోంది కనుక తప్పకుండా తీసుకోండి.

ప్రశ్న: పర్లాకిమిడిలో బీటెక్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. సీనియర్ దగ్గరున్న క్యాసియో ఎఫ్ఎక్స్-991ఈఎక్స్ తీసుకోవాలా, కొత్త 991సీడబ్ల్యూ కొనాలా, లేక ఏకంగా గ్రాఫింగ్ కాలిక్యులేటర్ కొనాలా?

జవాబు: గ్రాఫింగ్ కాలిక్యులేటర్ వద్దు. మన విశ్వవిద్యాలయాల సెమిస్టర్ పరీక్షల్లో సాధారణంగా ప్రోగ్రామింగ్ సౌకర్యం లేని సైంటిఫిక్ కాలిక్యులేటర్‌నే అనుమతిస్తారు, గేట్ పరీక్షలో తెరపై ఇచ్చే వర్చువల్ కాలిక్యులేటర్ తప్ప సొంతది వాడనివ్వరు. ఈ రెండు క్యాసియోలలో లెక్కల శక్తి దాదాపు సమానం. సీడబ్ల్యూ తెర మరింత స్పష్టంగా ఉంటుంది, ప్రమేయాలను నిర్వచించి దాచుకునే వీలు కూడా ఉంది. అయితే కీల అమరిక పూర్తిగా మారింది. భిన్నాన్ని దశాంశంగా మార్చే ఎస్-డి కీ పోయి ఫార్మాట్ కీ వచ్చింది, సమాకలన గుర్తు కేటలాగ్ మెనూలోకి వెళ్లింది. పరీక్షలో నిమిషాలు లెక్కే కనుక, చుట్టూ ఉన్న మిత్రులు, సీనియర్లు ఈఎక్స్ వాడుతుంటే, అడిగి నేర్చుకోవడానికి అదే మీకు అనుకూలం. హాల్ టికెట్‌పై ఉన్న కాలిక్యులేటర్ నిబంధనను మాత్రం ఒకసారి చదువుకోండి.

ప్రశ్న: బల్లార్‌పూర్‌లో ఉంటాం. మా అమ్మాయి చంద్రపూర్‌లో జేఈఈ కోచింగ్ తీసుకుంటోంది. గ్రాఫులు అర్థం కావడం లేదంటోంది. కాలిక్యులేటర్ కొనివ్వమంటారా?

జవాబు: కొనవద్దండి. జేఈఈ మెయిన్‌లో ఏ కాలిక్యులేటర్‌నూ అనుమతించరు. గ్రాఫులు అర్థం చేసుకోవడానికి మీ ఫోన్‌లో డెస్మోస్ గానీ జియోజీబ్రా గానీ ఉచితంగా వేసుకోండి. డెస్మోస్ యాప్ ఇంటర్నెట్ లేకుండా కూడా పనిచేస్తుంది కనుక సిగ్నల్ లేని చోటా ఇబ్బంది ఉండదు. వర్గ సమీకరణంలోని మూడు గుణకాలకు స్లైడర్లు పెట్టుకొని, ఒక్కొక్కటి జరుపుతూ పరావలయం ఎలా కదులుతుందో గమనించమనండి. ముందు కాగితంపై చేత్తో గీసి, ఆ తర్వాతే ఫోన్‌లో సరిచూసుకోవాలి. ఆ వరుస తిరగబడితే పరీక్ష గదిలో చేయి ఆడదు.

ప్రశ్న: సిరోంచలో ఒకరు వాడిన టీఐ-84 ప్లస్ అమ్ముతున్నారు. తీసుకునే ముందు ఏమేం చూడాలి?

జవాబు: ముందుగా వెనుక మూత తీసి బ్యాటరీ గదిలో తెల్లని లేదా పచ్చని పొడి పేరుకుందేమో చూడండి. బ్యాటరీలు కారి స్ప్రింగులు తినేసి ఉంటే, ఎంత తక్కువకు ఇచ్చినా వద్దనండి. తర్వాత ఆన్ చేసి, సెకండ్ కీ నొక్కి పై బాణం నొక్కుతూ తెరను ముదురు చేయండి; తెరంతా నల్లబడే దాకా తీసుకెళితే పనిచేయని వరుసలు తెల్లని గీతలుగా బయటపడతాయి. ఆపైన ప్రతి కీని ఒక్కసారైనా నొక్కి చూడండి. అందులో వెండి ఆక్సైడ్ బటన్ సెల్ ఒకటి వేరుగా ఉంటుంది. ప్రధాన బ్యాటరీలు మార్చేటప్పుడు ర్యామ్‌ను కాపాడేది అదే. నాలుగు బ్యాటరీలనూ బటన్ సెల్‌నూ ఒకేసారి తీయకండి.