దడ తగ్గింది కదా, ఇంకా టెస్టులెందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. రాజోలు దగ్గర కొబ్బరి తోట, కొంచెం వరి పొలం ఉన్నాయి. గుండె దడకి రెండేళ్లుగా అమియోడరోన్ 200 మిల్లీగ్రాముల మాత్ర రోజూ వేసుకుంటున్నారు. దడ తగ్గింది. పాత చీటీతోనే మందులు తెచ్చుకుంటున్నాం. దాళ్వా నూర్పిళ్లప్పుడు మొదలైన పొడి దగ్గు ఇంకా పోలేదు. దుమ్ము వల్లేనంటారు. టెస్టులంటే వినరు. నిజంగా అవసరమా?
– ఒక పాఠకురాలు

జవాబు: అవసరమే అమ్మా. ముందు ఆ దగ్గు సంగతి చూడండి. దుమ్ము దగ్గయితే నూర్పిళ్లయ్యాక తగ్గిపోవాలి. ఈ మందు కొందరికి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. అది తరచూ పొడి దగ్గుతో, ఆయాసంతో బయటపడుతుంది. ఈ వారంలోనే అమలాపురంలోనో కాకినాడలోనో ఛాతీ ఎక్స్‌రే తీయించి, మందు రాసిన గుండె డాక్టరుగారికి చూపించండి. ఆయాసం కూడా ఉంటే ఈ రోజే వెళ్లండి.

ఈలోగా దగ్గుకని ఊళ్లో ఎవరైనా అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే వేయకండి. ఈ రెండూ కలిస్తే గుండె లయ ప్రమాదకరంగా తప్పవచ్చు. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా, ఏ మందుల షాపుకెళ్లినా ముందు అమియోడరోన్ స్ట్రిప్ చూపించాలి. రక్తం పలచబడే వార్ఫరిన్ కూడా వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి, దాని మోతాదు తగ్గించాల్సి రావచ్చు.

ఇక థైరాయిడ్. మెడలో ఉండే ఈ గ్రంథి అయోడిన్‌తోనే పనిచేస్తుంది. ఒంటికి రోజుకు కావలసిన అయోడిన్ 0.15 మిల్లీగ్రాములు. ఈ ఒక్క మాత్రలోనే సుమారు 75 ఉంటుంది. అందుకే థైరాయిడ్ కొందరిలో మందగించి నీరసం, చలి, బరువు పెరగడం కనిపిస్తాయి. కొందరిలో అది ఎక్కువై బరువు తగ్గుతుంది, చేతులు వణుకుతాయి, దడ మళ్లీ వస్తుంది. ఆ దడ చూసి మందు చాలడం లేదనుకుని సొంతంగా ఇంకో మాత్ర వేసుకున్నవాళ్లు నా దగ్గరికి వచ్చారు. చాలా బాధేసింది, ఎందుకంటే థైరాయిడ్ పనితీరు చెప్పే ఒక్క టీఎస్‌హెచ్ రక్త పరీక్షతో తేలిపోయే విషయం అది.

టీఎస్‌హెచ్, లివర్ పరీక్షలు ఆరు నెలలకోసారి, ఈసీజీ, ఎక్స్‌రే ఏడాదికోసారి చేయించండి. చూపు మసకబారితే వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఎండలో చర్మం త్వరగా కమిలిపోతుంది, పొలానికి పొడుగు చేతుల చొక్కా, తలపాగా ఉండాలి. పెరట్లో పంపర పనస ఉన్నా ఆయన తినకపోవడమే మంచిది, ఆ జాతి పండ్లు ఒంట్లో ఈ మందు మోతాదును పెంచవచ్చు.

మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి. డాక్టరుగారు ఆపమన్నా అది నెలల తరబడి ఒంట్లోనే ఉంటుంది, కాబట్టి ఆ తర్వాత కూడా కొన్నాళ్లు థైరాయిడ్ పరీక్ష చేయిస్తూనే ఉండాలి.