దిష్టిబొమ్మ వెనక మనిషి

అమ్మాయీ,

ఆశీస్సులు. ఇంగ్లండులోని లూయిస్ ఊళ్లో నవంబరు 5 రాత్రి జరిగే గై ఫాక్స్ దిష్టిబొమ్మల పండగ గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. కాగడాల ఊరేగింపు, డప్పులు, చారల స్వెట్టర్లు కళ్లకు కట్టినట్టున్నాయి. మొదటి పేజీలోనే ‘ఇంగ్లిషువాళ్ల దీపావళి’ అనేశావు చూడు, ఆ వాక్యం మాత్రం కొట్టెయ్. అది చదివాక మనవాళ్లు తమకు తెలిసిన పండగనే చూస్తారు, నువ్వు చూపించేది చూడరు.

నరకాసురుడు పురాణంలో వాడు. గై ఫాక్స్ అలా కాదు. యార్క్‌లో పుట్టి పెరిగి, స్పెయిన్ సైన్యంలో పనిచేసినవాడు. ఇంగ్లండులో కాథలిక్కులను అణచివేస్తున్నారని, 1605లో రాజు మొదటి జేమ్స్‌ను పార్లమెంటుతో సహా పేల్చేయాలనుకున్న ముఠాకు నాయకుడు రాబర్ట్ కేట్స్‌బీ. 36 పీపాల తుపాకిమందు దగ్గర కాపలా కాస్తూ దొరికిపోయినవాడు ఫాక్స్. అందుకే పోనుపోను దిష్టిబొమ్మ అతనిదే అయింది. అతను చదివిన యార్క్‌లోని సెయింట్ పీటర్స్ బడిలో మాత్రం పాత విద్యార్థి అని ఇప్పటికీ ఆ బొమ్మను తగలబెట్టరు. ఇలాంటివి వదిలేసి టపాసుల రంగుల మీద రెండు పేజీలు రాశావు.

ఇంకొకటి. చిత్రహింసలు పెట్టాక వాంగ్మూలం కింద అతను చేసిన సంతకం ఇంకా భద్రంగా ఉంది. ‘గైడో’ అని మాత్రమే ఉంటుంది, అదీ గీతలు వణికిపోయి, వెలిసిపోయినట్టు. కొన్నాళ్ల తర్వాత చేసిన సంతకం పక్కన పెట్టి చూడు. ఎంతసేపైనా సరే, చూసి రాయి. జాలిపడమని పాఠకులకు నువ్వు చెప్పక్కర్లేదు.

అలాగని ఒక్క వైపే చూడకు. లూయిస్‌లో మోసే 17 మండే శిలువలు ఎందుకో నీ వ్యాసంలో లేదు. కాథలిక్కు రాణి మేరీ హయాంలో, 1555-57 మధ్య, ఆ ఊళ్లో 17 మంది ప్రొటెస్టెంట్లను సజీవంగా కాల్చారు. ఆ గాయం మీద ఈ పండగ వచ్చి కూర్చుంది. పైగా కుట్ర విఫలమైనందుకు ప్రభుత్వమే చట్టం చేసి ఏటా చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన జరిపించింది. ఆ చట్టం 1859 దాకా నడిచింది. అన్నేళ్లు పాఠంలా చెబితే ద్వేషం కూడా ఆచారమైపోతుంది.

ఒకప్పుడు పిల్లలు బొమ్మను వీధుల్లో తిప్పి చిల్లర పెన్నీలు అడుక్కోవడం, యార్క్‌షైర్‌లో ఓట్స్, అల్లం, పాకంతో చేసే పార్కిన్ కేకు ఒక్క పేరాలో సరిపోతాయి.

ఈసారి వెళ్లినప్పుడు మంట ఫొటోలు తగ్గించి, ఆ ఊరి కాథలిక్కులతో మాట్లాడు. ఊరేగింపు ఇంటి ముందు నుంచి పోతుంటే బయటికొచ్చి చూస్తారా, తలుపేసుకుంటారా? వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి మళ్లీ పంపు.