మీ కుటుంబంలో యుద్ధానికి వెళ్లినవాళ్లు ఉన్నారా? వాళ్లను ఎలా గుర్తుచేసుకుంటారు?

ఉన్నారు, మా తాత. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో, సైన్యానికి సరుకులు చేర్చే ఆర్మీ సర్వీస్ కోర్‌లో లారీ డ్రైవర్. ఆ మాట చెప్పగానే "ఓ, డ్రైవరా, అయితే కొట్లాడలేదన్నమాట" అంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. త్రిపురలో అగర్తలా వైపు చేరిన అంత సైన్యానికి తూటాలు, డీజిలు, బియ్యం ఎట్లా చేరాయనుకుంటున్నారు? అప్పట్లో రైలు ధర్మనగర్ దాకానే, అక్కడి నుంచి కొండల్లో రోడ్డు మీద లారీల్లోనే మోయాలి. డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగుబాటుతో ముగిసిందని, దాదాపు 93 వేల మంది ఖైదీలయ్యారని అందరూ చెబుతారు. అంత తొందరగా ముగిసిందంటే ముందు నెలల తరబడి సరుకు మోసినవాళ్ల వల్లే. నన్నడిగితే సగం యుద్ధం గెలిచింది వాళ్లే.

తాత ఇంట్లో ఇవేవీ చెప్పేవాడు కాదు. ఒకసారి సికింద్రాబాద్ తిరుమలగిరి సిగ్నల్ దగ్గర మా కారు ముందు మిలిటరీ లారీ ఆగింది. "కింద చూడరా, వెనక ఇరుసు మధ్యలో తెల్లగా గుండు కనబడుతుందా?" అన్నాడు. రాత్రిపూట కాన్వాయ్‌లో హెడ్‌లైట్లు వేయకూడదట, ఆ తెల్ల రంగు మీద పడే చిన్న లైటును చూసుకుంటూనే వెనక బండి నడవాలట. వానలో బురద పట్టి అది కనబడకుండా పోయేది, అందుకని కాన్వాయ్ ఆగినప్పుడల్లా తాత దిగి, బండి కిందికి దూరి, మెడలో తువ్వాలుతో దాన్ని తుడిచి వచ్చేవాడట. "నా బండిది నాకు కనబడదు కదరా, వెనక వచ్చే పిలగాడు లోయలో పడతాడని భయం" అన్నాడు. గ్రీన్ పడింది, వెనకోళ్లు హారన్లు కొడుతున్నారు, ఆయన మాత్రం బోయిన్‌పల్లి దాకా చెబుతూనే ఉన్నాడు.

నానమ్మకైతే ఆయన ఎక్కడున్నాడో కూడా తెలియదు. ఉత్తరం మీద నంబరు, పేరు, యూనిట్, కేరాఫ్ 99 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు), అంతే. ఊరి పేరు ఉండదు.

చుట్టాలకు మాత్రం ఆయన మిలిటరీ క్యాంటీన్ కార్డే గుర్తు. పెళ్లి కుదిరిందంటే చాలు, "బాబాయ్, నాలుగు రమ్ము సీసాలు" అని ఫోన్లు. ఆ నాలుగు సీసాలు తీసుకున్నవాళ్లలో ఒక్కరు కూడా "ఎక్కడ పనిచేశావు బాబాయ్" అని అడగలేదు. ఇప్పుడు డిసెంబరు 16 రాగానే వాళ్లే వాట్సాప్‌లో జెండా బొమ్మలు పంపిస్తారు.

మేం పెత్రమాసకు ఆయన పేరున బియ్యం ఇచ్చి, ఫొటో దగ్గర ఆ యుద్ధానికి ఇచ్చిన పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ పెడతాం. ఆ మెడల్ అంచును వెలుతురుకు పట్టి చూస్తే నంబరు, ర్యాంకు, పేరు సన్నగా చెక్కి ఉంటాయి. పిల్లల చేత అవి చదివిస్తాను. పరేడ్ గ్రౌండ్స్ దగ్గర వీరుల సైనిక స్మారక్‌కూ తీసుకెళ్తాను, కానీ స్మారకాలు కట్టేది అమరుల కోసం, అది న్యాయమే. తిరిగొచ్చి ముసలితనంతో పోయిన డ్రైవర్లు, వంటవాళ్లు, మెకానిక్కుల సంగతి ఇంట్లోవాళ్లం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

మీ ఇంట్లో అట్లాంటి పెద్దవాళ్లు ఉంటే డిశ్చార్జ్ బుక్ (సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే సర్వీసు వివరాల పుస్తకం) బయటికి తీయించి, పక్కన కూర్చుని ఏ బండి నడిపారో, ఏ రోడ్డు మీద నడిపారో అడిగి రాసుకోండి. ఆ పుస్తకాన్ని ఫొటోలు కూడా తీసి పెట్టుకోండి. నానమ్మ ఫ్యామిలీ పెన్షన్ కాగితాల్లో ఒక్క అక్షరం తేడా ఉందని ఒక ఆఫీసు మమ్మల్ని తెగ తిప్పింది, చివరికి పని జరిగింది ఆ పుస్తకం చూపిస్తేనే.