బుజ్జీ, ఆ ఆదివారం పందెం గురించి

చిరంజీవి బుజ్జికి,

బరువు తగ్గే ఆపరేషన్ తేదీ ఖాయమైందని మీ అమ్మ చెప్పింది. ఎవరేమనుకుంటారో అని ఏళ్ల తరబడి వెనకాడిన పిల్లవి, నీ అంతట నువ్వే డాక్టరుతో మాట్లాడి, పరీక్షలన్నీ చేయించుకుని, స్లీవ్ అని, అంటే పొట్టలో చాలా భాగం తీసేసి సన్నటి గొట్టంలా మిగిల్చే ఆపరేషనని తేల్చుకున్నావు. గర్వంగా ఉంది తల్లీ. మీ అమ్మ ఆ తర్వాత చెప్పిన మాటే నాకు నిద్ర పట్టనివ్వలేదు. అదే వారంలో ఆపరేషన్ ఉన్న మరో ఇద్దరితో కలిసి, ప్రతి ఆదివారం ఎవరెంత తగ్గారో చెప్పుకోవాలని పందెం వేసుకున్నారటగా!

మామూలు సంగతులు ఆస్పత్రిలో చెప్తారు. నీళ్లు రోజుకి లీటరున్నరకి తగ్గకుండా, గుక్క గుక్కగా. తింటూ తాగకు, తిన్నాక అరగంట ఆగు. ప్రోటీన్ 60 నుంచి 80 గ్రాములు. విటమిన్ మాత్రలు జీవితాంతం. ఐరన్, కాల్షియం ఒకేసారి మింగకు, మధ్యలో రెండు గంటలు ఉండాలి. వీటి గురించి ఇంతే.

ఇక పందెం. ఒకామె ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు అనుకో. ఒకతను 175 సెంటీమీటర్లు, 146 కిలోలు. కొన్నాళ్లకి ఆమె 20 కిలోలు తగ్గింది, అతను 28. మీ పందెం ప్రకారం అతనే గెలిచాడు. మొదటి బరువులో ఎంత శాతం పోయిందో లెక్కవెయ్యి, ఇద్దరిదీ 19 శాతం చిల్లరే. డాక్టర్లు చూసే లెక్క ఇంకోటుంది, ఉండాల్సినదానికంటే ఎక్కువున్న బరువులో ఎంత పోయిందని. బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 25 దగ్గర ఆమె 64 కిలోలుండాలి, అతను దాదాపు 77. ఆమెకి ఎక్కువున్నవి 40, అందులో సగం పోయాయి. అతనికి 69, పోయింది 40 శాతం. ఇప్పుడు ఆమె ముందుంది. ఇంతకీ గెలిచిందెవరు?

పైగా ఒకరు ఆపరేషన్ రోజు నుంచి లెక్కపెడతారు, ఇంకొకరు కాలేయం కుంచించుకోవడానికి అంతకుముందు పెట్టే పత్యం మొదలైన రోజు నుంచి. ఆ పత్యంలోనే కొన్ని కిలోలు పోతాయి. ఒకరిది పొట్టని చిన్నది చేసి పేగుని దానికి కలిపే బైపాస్ కావచ్చు, సగటున అందులో కాస్త ఎక్కువే తగ్గుతారు. ఇన్సులిన్, స్టెరాయిడ్లు వాడేవాళ్లు నెమ్మదిగా తగ్గుతారు. ఇవేవీ ఆదివారం అంకెలో కనపడవు.

నా భయం మాత్రం మూడో వారం గురించి. మొదటి రోజుల్లో గబగబా పోయేది కొవ్వొక్కటే కాదు. కాలేయం, కండలు గ్లైకోజన్‌ని, అంటే నిల్వ చక్కెరని దాచుకుంటాయి, ఒక్కో గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని. తిండి తగ్గగానే ముందు అది కరుగుతుంది, నీళ్లు దిగిపోతాయి. తర్వాత శరీరం అందులో కొంత మళ్లీ నింపుకుంటుంది, నీరు తిరిగి చేరుతుంది. లోపల కొవ్వు కరుగుతూనే ఉన్నా బరువు మిషను ముల్లు వారం పది రోజులు కదలదు. చాలామందికి జరిగేదే. కానీ పక్కవాళ్లు అదే వారం రెండు కిలోలు తగ్గామంటే ఎంత ఓర్పున్నవాళ్లకైనా బుర్ర తిరుగుతుంది.

అక్కడే అందరూ చేసే పాత తప్పు చేస్తారు. పెట్టిన కొలతే ఎక్కువైందేమో అనుకుని అందులోనూ సగం మానేస్తారు. ప్రోటీన్ మానేసి నీళ్లతో గడిపేస్తారు, అప్పుడు కొవ్వుతో పాటు కండ కరుగుతుంది. మాత్ర మింగితే కడుపులో తిప్పుతోందని అదీ వదిలేస్తారు. గబుక్కున తిన్నందుకో, స్లీవ్ ఎక్కడో ఇరుకైనందుకో వాంతులవుతుంటే, పోనీలే బరువు తగ్గుతుందని ఎవరికీ చెప్పరు. ఒళ్లు మండుతుంది నాకు ఆ మాట వింటే! థయామిన్ అని బి1 విటమిన్, దాని నిల్వ ఒంట్లో రెండు మూడు వారాలకి మించి ఉండదు. ముల్లు ఆగిపోయేదీ, ఆ నిల్వ అడుగంటేదీ ఇంచుమించు ఒకేసారి. ఆ సమయంలో తిండీ మాత్రా మానేసి, పైన వాంతులు కూడా తోడైతే పాదాలు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది, మనిషి తికమకపడతాడు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి మళ్లీ పూర్తిగా రాకపోవచ్చు. నీరసమే కదా అని ఎక్కడో గ్లూకోజ్ ఎక్కించుకుంటే ఇంకా ప్రమాదం. గ్లూకోజ్‌ని వాడుకోవడానికి ఒంటికి థయామిన్ కావాలి, మిగిలిన కాస్తా దానికే ఖర్చయిపోతుంది. అందుకే నీళ్లు కూడా నిలవకుండా వాంతులైతే ఆ రోజే ఆపరేషన్ చేసినవాళ్లకి ఫోన్ చెయ్యి. వేరే ఆస్పత్రికి వెళ్లాల్సొస్తే, ‘బరువు తగ్గే ఆపరేషన్ అయింది, గ్లూకోజ్‌కి ముందు థయామిన్ ఇవ్వండి’ అని నోరు తెరిచి చెప్పు. ఈ వాక్యం మీ అమ్మకి కూడా నేర్పు.

తిడుతున్నానని మూతి ముడవకు. గుమ్మానికి పెన్సిల్ గీత గీసి ఎత్తు కొలుస్తుంటే, మీ అన్నయ్య గీతని అందుకోవాలని మునివేళ్ల మీద లేచేదానివి. భుజం పట్టి కిందికి నొక్కితే కళ్లల్లో నీళ్లు. ఆ పిల్లే ఇంకా కనిపిస్తోంది నాకు.

బరువు చూసుకోవద్దనను. వారానికొక్కసారి, పొద్దున్నే కాలకృత్యాలయ్యాక, ఏమీ తాగకముందు, ఒకే మిషను మీద, గట్టి నేల మీద పెట్టి చూసుకో. నెలసరి వారంలో నీరు చేరి పెరిగినట్టుంటుంది, తేదీ పక్కన రాసిపెట్టుకో. పదిహేను రోజులకోసారి బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలుచుకో. ముల్లు కదలని వారాల్లో కూడా టేపు కదలొచ్చు. రెండంతస్తులు ఎక్కడానికి ఎన్నిసార్లు ఆగుతున్నావో ఇప్పుడే ఎక్కి చూసుకుని రాసిపెట్టు, ఆపరేషన్ అయ్యాక నీకు ఆ అంకె కావాలి. మూడో నెల తర్వాత జుట్టు రాలితే, పక్కవాళ్లకి రాలలేదే అని ఏడవకు. చాలామందికి కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది. సాధారణంగా 12 నుంచి 18 నెలల దాకా తగ్గుతూ పోయి, తర్వాత నాలుగైదు కిలోలు వెనక్కి రావడం కూడా మామూలే.

ఆ ఇద్దరితో స్నేహం మానుకోమని కాదు. ఆదివారం మాట్లాడుకోండి. కిలోల బదులు ఎవరికి ఏది తింటే గొంతులో అడ్డం పడుతోందో, ఎవరు మాత్ర మర్చిపోయారో చెప్పుకోండి. నేనూ ఆదివారమే ఫోన్ చేస్తా. బరువెంతని అడగను. నీళ్లెన్ని తాగావు, వాంతయిందా, మాత్ర వేసుకున్నావా, ఈ మూడే. అబద్ధం చెప్తే గొంతులోనే తెలిసిపోతుంది నాకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ