తాతగారి ఓడకు మూడు టరెట్లే

ప్రశ్న: మా తాతగారు నౌకాదళంలో పనిచేశారు. 1961లో పోర్చుగీసువారి చేతిలో ఉన్న డయ్యూ మీద మనవాళ్ల దాడి జరిగినప్పుడు ఐఎన్‌ఎస్ ఢిల్లీలో ఉన్నారు. ఆయన పుట్టినరోజుకు ఆ ఓడ నమూనా చేసివ్వాలని కిట్ కోసం వెతికితే ఆ పేరుతో దొరకలేదు. బ్రిటిష్ క్రూయిజర్ (ఒక రకం యుద్ధనౌక) ‘ఏజాక్స్’ ప్లాస్టిక్ కిట్, 1:600 స్కేలుది, దొరికింది. దానితో సరిపెట్టుకోవచ్చా? ఇలాంటివి చేయడం నాకు ఇదే మొదలు.
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: నిశ్చింతగా మొదలుపెట్టమ్మా. ఆ రెండూ ఒకే నమూనాలో కట్టిన అక్కాచెల్లెళ్లే. ఢిల్లీ పుట్టింటి పేరు అకిలీస్. 1939 డిసెంబర్ 13న దక్షిణ అమెరికా తీరంలో జర్మన్ల యుద్ధనౌక గ్రాఫ్ స్పీని వెంటాడిన మూడు క్రూయిజర్లలో ఏజాక్స్, అకిలీస్ ఉన్నాయి, మూడోది ఎగ్జెటర్. 1948లో అకిలీస్ మన దేశానికి వచ్చి ఢిల్లీ అయింది.

అలాగని పెట్టె మీది బొమ్మను నమ్మి చేశావో, తాతగారు కళ్లద్దాలు పెట్టుకోకుండానే తప్పు పట్టేస్తారు. కిట్‌లో జంట తుపాకుల టరెట్లు, అంటే తుపాకులు బిగించిన తిరిగే గదులు, నాలుగుంటాయి. 1943 జనవరిలో పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవి దగ్గర జపాన్ బాంబు పడి అకిలీస్ మూడో టరెట్ నాశనమైంది. మరమ్మతులో దాన్ని మళ్లీ పెట్టలేదు. విమానాలను కూల్చే చిన్న తుపాకులు అమర్చారు. కాబట్టి ముందు రెండు, వెనక చివర ఒకటి అంటించు. వెనక ఎత్తులో ఉండే ఆ మూడోదాన్ని పక్కన పెట్టు. చిన్న విమానమూ, దాన్ని విసిరే యంత్రమూ వద్దు.

ఇక పని సంగతి. ముందు ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రాలను గిన్నెలు తోమే సబ్బుతో కడుగు, పోతపోసిన అచ్చు నుంచి అంటిన జిడ్డు పోకపోతే రంగు నిలవదు. ముక్కలను చేత్తో విరవకు. నేను మా ఆవిడ గోళ్ల కత్తెర వాడతాను, ఆవిడకు ఇంతవరకు తెలియదు. క్షణంలో అంటుకునే జిగురు వద్దు, తెల్లటి మచ్చ వదులుతుంది. ప్లాస్టిక్‌ను కరిగించి కలిపే పల్చటి జిగురు తీసుకో. రెండు ముక్కలను జోడించి పట్టుకుని అతుకు దగ్గర కుంచె మొన ఆనిస్తే చాలు, అదే సందులోకి పాకుతుంది.

ఫ్యాను కట్టేసి కూర్చో. కిందటి మే నెలలో ఉక్కకు ఓర్వలేక ఫ్యాను వేశాను, లంగరు ఎగిరి ఫ్రిజ్ కిందికి పోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ముసురు పట్టిన రోజు మాత్రం స్ప్రే కొట్టకు, తేమకు రంగు పాలిపోతుంది.

స్తంభాల మధ్య తీగలకు దారం వాడకు, ఆ కొలతకు మోకులా కనిపిస్తుంది. మిగిలిన చట్రం పుల్లను కొవ్వొత్తి మంటకు కాస్త పైన తిప్పుతూ ఉండు. మెత్తబడి నిగనిగలాడగానే పక్కకు తీసి, రెండు చివరలూ పట్టి మెల్లగా లాగు. వెంట్రుకంత తీగ వస్తుంది. మొదటి నాలుగైదు తెగుతాయి, తెగనీ.

169 మీటర్ల ఓడ 28 సెంటీమీటర్లయ్యే చోట ఆరడుగుల మనిషి 3 మిల్లీమీటర్లు. తాతగారి డ్యూటీ ఎక్కడో ముందే అడిగి, అక్కడ అంత పుల్ల ముక్క ఒకటి నిలబెట్టు. టోపీకి తెల్ల రంగు ఒక్క చుక్క.