ఈతకొలనులో క్లోరిన్: పాఠకుల సందేహాలు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ఈతకొలనులో సుమారు లక్ష లీటర్ల బోరు నీరు పడుతుంది. వేసవి సెలవుల్లో పిల్లలు ఎక్కువగా దిగుతున్నందున సాయంత్రానికి ఘాటైన వాసన వస్తోంది, కళ్లు ఎర్రబడుతున్నాయి. క్లోరిన్ ఎక్కువైందని, తగ్గించాలని కొందరు సభ్యులు అంటున్నారు. కొలను చూసుకునే అబ్బాయి రోజూ పౌడరును మగ్గుతో ఉజ్జాయింపుగా చల్లుతున్నాడు. సరైన పద్ధతి ఏమిటి?
– అసోసియేషన్ కార్యదర్శి, హైదరాబాద్

జవాబు: కార్యదర్శి గారూ, క్లోరిన్ తగ్గించే ముందు నీటిని పరీక్ష చేయించండి. చెమటలోను, మూత్రంలోను ఉండే నత్రజని పదార్థాలతో క్లోరిన్ కలిసినప్పుడు క్లోరమైన్లు ఏర్పడతాయి. మీరు చెప్పిన ఘాటు, కళ్ల మంట సాధారణంగా వాటి వల్ల వచ్చేవే కనుక, క్రిములను చంపవలసిన క్లోరిన్ మీ కొలనులో చాలకపోయి ఉండవచ్చు. పసుపు రంగు చూపే చవక కిట్టు క్లోరిన్‌ను, క్లోరమైన్లను కలిపి మొత్తంగానే లెక్కిస్తుంది. గులాబీ రంగు చూపే డీపీడీ కిట్టు అయితే క్లోరమైన్లుగా మారకుండా మిగిలిన విడి క్లోరిన్ ఎంతో వేరుగా చెబుతుంది. అది 1 నుంచి 3 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య ఉండాలి. పిల్లలు సబ్బుతో స్నానం చేశాకే దిగాలన్న నియమం పెడితే సగం సమస్య అక్కడే తీరుతుంది.

నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ కూడా చూడాలి. అది 7.2 నుంచి 7.8 వరకు ఉండాలి. 8 దాటిన నీటిలో, కిట్టు చూపే క్లోరిన్‌లో చురుగ్గా పనిచేసేది నాలుగో వంతు కన్నా తక్కువే.

ఇక మోతాదు. లక్ష లీటర్ల నీటిలో క్లోరిన్‌ను 1 పీపీఎం పెంచడానికి 100 గ్రాముల క్లోరిన్ కావాలి. అంటే 65 శాతం క్లోరిన్ ఉండే కాల్షియం హైపోక్లోరైట్ పౌడరు సుమారు 155 గ్రాములు సరిపోతుంది. మామూలు బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ 30 శాతానికి అటూ ఇటూ ఉంటుంది, డబ్బా మూత తీసి ఉంచితే అదీ తగ్గిపోతుంది. కాబట్టి మగ్గు లెక్క మానిపించి, ఒక చిన్న త్రాసు కొనివ్వండి.

పౌడరు కలిపేటప్పుడు ముందుగా ప్లాస్టిక్ బకెట్‌ను నీటితో నింపి, ఆ నీటిలో పౌడరును కొద్దికొద్దిగా వేయాలే తప్ప, పౌడరు మీద నీరు పోయకూడదు. అలా పోస్తే వేడి పుట్టి మందు ముఖం మీదికి చిందుతుంది. చేతులకు రబ్బరు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అందరూ బయటికి వచ్చాక, సాయంత్రం పంపు నడుస్తుండగా వేసి, మర్నాడు పరీక్షించిన తరువాతే ఎవరినైనా దిగనివ్వాలి. పగలు వేస్తే ఎండకే చాలా క్లోరిన్ పోతుంది.

ప్రశ్న: పీహెచ్ తగ్గించే యాసిడ్, బ్లీచింగ్ పౌడరు, మిగిలిపోయిన క్లోరిన్ బిళ్లలు మా పంపు గదిలో ఒకే అరలో ఉంటున్నాయి. ఇబ్బందేమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఉందమ్మా, ఈ రోజే వేరు చేయించండి. యాసిడ్ ఒలికి బ్లీచింగ్‌కు తగిలితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. గాలి ఆడని గదిలో అది ప్రాణాంతకం. రెండూ క్లోరిన్ మందులే కదా అని బిళ్లలను పౌడరుతో కలిపి ఉంచడం కూడా తప్పు, ఎందుకంటే ట్రైక్లోరో అనే రసాయనంతో చేసిన బిళ్లలు, పౌడరులోని కాల్షియం హైపోక్లోరైట్ ఒకదానికొకటి తగిలి కాస్త తడి చేరితే మంటలు లేవవచ్చు, పేలవచ్చు కూడా. మగ్గులు, గరిటెలు సైతం దేనికి దానికి విడిగా ఉండాలి. పెట్రోలు, పెయింటు ఆ గదిలోకే రాకూడదు. ఎప్పుడైనా ఘాటైన వాయువు వస్తే ఒలికినదాన్ని తుడవబోకుండా అందరూ గాలికి ఎదురుగా దూరంగా వెళ్లాలి, దగ్గు లేదా ఆయాసం ఉన్నవారి కోసం వెంటనే 108కి ఫోన్ చేయాలి.